గుర్రాన్ని కూడా అమ్మేసిన బేరం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం మళ్ళీ జన్మలో రాదనుకుంటాను. ఆ రోజుల్లో నేను తెనాలి నుంచి వెళ్ళి ఢిల్లీలో, జనక్‌పురిలో ఒక గదిలో ఉండేవాణ్ణి. కూరగాయల భయ్యా దగ్గర నోరు విప్పి బేరమాడటం చేతకాదు (హిందీలో ఏది ఆడో ఏది మగో తలుచుకుంటేనే చెమటలు పట్టేవి), కంప్యూటర్లో మాత్రం పెద్ద వర్తకుణ్ణి. రాజులు, కోటలు, గుర్రబ్బండ్లు ఉండే పాతకాలపు ఆట అది. అందరూ అందులో కత్తియుద్ధం నేర్చుకుంటుంటే నేనూ, మా ఆఫీసు పాజీ వర్తకం నేర్చుకునేవాళ్ళం. పాజీ (వాళ్ళ భాషలో అన్నయ్య అని) ఘాజియాబాద్‌లో ఉండే పంజాబీ. అంత పెద్ద ఊళ్ళో నాతో నవ్వుతూ మాట్లాడే ఏకైక ప్రాణి. ఆటలో మా ఇద్దరిదీ ఒకే బండి, ఒకే సరుకు. లాభానికి అమ్మితేనే వర్తకం లెవెల్ పెరుగుతుందని మా నమ్మకం. అది పెరిగితేనే రాజధాని సంతలోకి రానిస్తారు.

"ఆదివారంతో సంత మూసేస్తారు భాయ్. ఈలోపు లెవెల్ రాకపోతే నేను వేరే పార్ట్‌నర్‌ని చూసుకుంటా" అన్నాడు పాజీ క్యాంటీన్లో. నవ్వుతూనే అన్నాడు గానీ నేను పళ్ళెం పక్కకి నెట్టేశాను. అతనూ పోతే ఇక నాకెవరున్నారు?

ఆదివారం మధ్యాహ్నం ఎవరి గదిలో వాళ్ళం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటలోకి దిగాం. అతను కొట్లో నిలబడి ఉన్ని అమ్మాలి, నేను ధరలు చూసి చెప్పాలి. ఒకే కొట్లో అమ్మినకొద్దీ ధర పడిపోతుంది. సగం ఉన్ని పోయేసరికి ధర జారడం చూసి, ఆ కంగారులో వచ్చిన కాస్త హిందీ ఎగిరిపోయి, "చాలు! చాలు!" అని అరిచాను.

"చాలూ హై భాయ్, చాలూ హై!" అన్నాడు పాజీ హుషారుగా.

అమ్మయ్య, ఆపాడనుకున్నాను. ఎక్కడ! నేనెంత గొంతు చించుకుంటే అతనంత జోరందుకున్నాడు. ఉన్ని పోయింది, ఉప్పు పోయింది, మా ఒంటిమీది చలికోట్లూ పోయాయి. చివరికి బండి లాగే మా గుర్రం కొట్టువాడి పెరట్లో కట్టేసి కనబడింది. (హిందీలో చాలూ అంటే 'నడుస్తోంది' అని నాకేం తెలుసు? తెలుగులో చాలు అంటే ఆపమని అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది, పాపం!)

నా పని అయిపోయిందనుకుంటుండగా గణగణమని గంట మోగింది. నష్టానికి అమ్మినా అమ్మకం అమ్మకమేనట, లెవెల్ దాటేశాం! రాజధాని తలుపులు తెరుచుకున్నాయి. అబ్బ, ఏం సంతండీ అది! ఆకాశాన్నంటే కోట, దాని కింద రంగురంగుల గుడారాలు, గాలికి ఊగే పట్టుబట్టలు, ఒంటెల మీంచి దింపుతున్న మిరియాల మూటలు. వాసన వస్తుందేమోనని నిజంగానే ముక్కు ఎగబీల్చాను. ఎప్పుడూ వాగుతూ ఉండే పాజీ కూడా "అరే యార్..." అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత నెమ్మదిగా, చాలు అంటే ఏమిటో చెప్పాను. ఇక వేరే పార్ట్‌నర్‌ని చూసుకుంటాడనే అనుకున్నాను.

"అంటే నువ్వు ఆపమన్నావా?"

"అవును పాజీ."

"గుర్రాన్ని అమ్మకముందే?"

"చాలా ముందే."

పగలబడి నవ్వాడు. "ఠీక్ హై. బండి నువ్వు లాగు, నేను తోస్తా. పద, ఆ పట్టుబట్టలు చూసొద్దాం."

వచ్చిన కాస్త చిల్లరతో ఏమీ కొనలేక, చీకటి పడేదాకా సంతంతా తిరిగాం. హెడ్‌ఫోన్లో అతని నవ్వు ఇంకా వినబడుతుంటే, బొమ్మ బండి లాగుతూ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్న ఆనాటి నాలోని వెర్రి సన్నాసి తలపుకొస్తే, నాకిప్పటికీ ముద్దొస్తుంది.