అరవై చాలన్నాను

నేను ఉప్పల్‌లో లెక్కల టీచర్ని. మా నాచారం చెరువులో గుర్రపుడెక్క తీయడానికి కాలనీవాళ్లం బ్యాటరీ మోటారు పడవ ఒకటి కొన్నాం. వంద ఏహెచ్ కెపాసిటీ ఉన్న బ్యాటరీ కావాలన్నాడు మా అక్క భర్త. లెక్కగట్టి, అరవై చాలని నేనే తెచ్చాను. ఆ గడ్డి పడవను నడిపే ఫ్యానుకు చుట్టుకుంటే మోటారు ఎంత కరెంటు తాగుతుందో లెక్కలో వేయలేదు. గట్టుకు కాస్త దూరంలోనే ఛార్జింగ్ అయిపోయి, నేనెక్కిన పడవ ఆగిపోయింది.

గట్టు మీద కాలనీవాళ్లు, నా కూతురు. తాడు బావ చేతిలో.

“జర తాడెయ్యి బావా!”

“ఏస్త. ముందుగాల ‘నాకు లెక్కలు రావు’ అని గట్టిగ ఒర్లు.”

ఎండ, కంపు. అరిచాను.

“ఇనవడలే, మల్లొక్కసారి!”

మళ్లీ అరిచాను. అందరూ పడీ పడీ నవ్వారు.

తర్వాత వంద ఏహెచ్ తెచ్చాను. మా పాప మాత్రం లెక్కల్లో డౌటొస్తే ఇప్పటికీ మా బావ దగ్గరికే పోతుంది.