నేల జోలికి

ఏ కొమ్మ చేతికొచ్చినా కాజాలక్క ముందు బొటనవేలి గోటితో దాని బెరడు కాస్త గీకి చూస్తుంది. లోపల పచ్చగా కనిపిస్తే "ఉంది" అంటుంది. కనిపించకపోతే ఏమీ అనదు. పక్కన పెట్టేస్తుంది.

ఆమె దర్జీ కొట్లో చొక్కాలకు కాజాలు కుడుతుంది. పేరు అలా వచ్చింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఇది తొమ్మిదో అద్దె ఇల్లు. అన్ని ఇళ్ళలోనూ రోజాలు పెంచింది, అన్నీ కుండీల్లోనే. ఇల్లు మారిన ప్రతిసారీ ఒకటో రెండో పగిలేవి. అప్పుడు కనిపించేవి వేళ్ళు: దారి దొరక్క కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని.

ఈ ఇంట్లో వంటగది కిటికీ కింద మూడడుగుల ఖాళీ నేల ఉంది. పార్సిల్లో రెండు రోజా మొక్కలు తెప్పించింది. మట్టి లేదు వాటికి. తడి గోనెలో చుట్టిన ఉత్తి వేళ్ళు, పైన మూడేసి ముళ్ళపుల్లలు. రెండిటినీ గీకింది. రెండిటికీ "ఉంది" అంది.

పై వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల మీంచి చూసింది.

"కుండీల్లో ఎన్నైనా పెట్టుకో అమ్మాయ్. కావాలంటే నా కుండీ ఇస్తా. నేల జోలికి మాత్రం రాకు. నీకు ముందున్నవాళ్ళు జామచెట్టు నాటి, కాయలు కొయ్యందే కదలమని ఆరేళ్ళు కూర్చున్నారు."

"విన్నావుగా," అన్నాడు కాజాలక్క భర్త లోపల్నుంచి. "అద్దెకుండేవాళ్ళకి నేలెందుకే? ఊరుకో."

"పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నాగా," అంది.

ఒక మొక్కను ఓనరమ్మ ఇచ్చిన కుండీలో పెట్టింది. కుండీ మీద ఎర్రరంగుతో ఇంటి నంబరు రాసి ఉంది. రెండోదానికి కిటికీ కింద మోకాలి లోతు గొయ్యి తవ్వింది. నడుమ మట్టిని చిన్న దిబ్బలా పోసి, తల దువ్వి పాయలు తీసినట్టు వేళ్ళను దాని చుట్టూ పరిచి పూడ్చింది. కొట్టుకు వెళ్ళిపోయింది.

కుండీలోది ముందు చిగురించింది. నేలలోది చాలా రోజులు పుల్లలాగే నిలబడింది. ఓనరమ్మకు నవ్వొచ్చింది.

"ఏమమ్మా, నీ నేల నిద్రపోతోందా?"

"పనిలో ఉందండీ," అంది కాజాలక్క.

నలభయ్యో రోజున దానికీ నాలుగు ఎర్రని చిగుళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి గొయ్యి ఖాళీగా ఉంది. మొక్క మెట్టు మీద పడి ఉంది. చిగుళ్ళు వాలిపోయాయి.

ఆమె కూర్చుని కాండం గీకింది. "ఉంది."

వేళ్ళు చూసింది. తెల్లగా, జానెడు పొడవున, నాలుగు వైపులకూ సాగినవి. కొన్ని తెగాయి. వాలిన చిగుళ్ళను కత్తెరతో కత్తిరించి, మొక్కను నీళ్ళ బకెట్‌లో నిలబెట్టింది.

ఓనరమ్మ మెట్లు దిగింది. "ముందే చెప్పానుగా."

"చెప్పారు. విన్నాను. ఒప్పుకోలేదు."

"ఖాళీ చెయ్యమంటే?"

"చేస్తాం. గొళ్ళెం, మేకు, బల్బు అన్నీ ఊడదీసుకుపోతాం, అది మామూలే. నేలలో పెట్టింది మాత్రం పట్టుకుపోలేం కదండీ. మీ ఇంటికే ఉండిపోతుంది. పీకాల్సినంత నష్టం ఏముంది ఇందులో?"

ఓనరమ్మ మెట్ల వైపు తిరిగింది. "మళ్ళీ పెడితే మళ్ళీ పీకుతా," అని పైకి వెళ్ళిపోయింది.

"రేపు సామాన్లు సర్దాలా?" అన్నాడు భర్త.

"రేపు నాకు వేరే పనుంది."

పొద్దున్నే లేచి ఆమె బకెట్‌లోని మొక్కను అదే గోతిలో పెట్టింది. దాని పక్కన ఇంకో గొయ్యి తవ్వింది. కుండీని ఒక పక్కకు వంచి, అడుగున తట్టి, మట్టిముద్ద చెదరకుండా రెండో మొక్కనూ బయటికి తీసి నేలలో నాటింది. రెండిటికీ నీళ్ళు పోసింది.

ఖాళీ కుండీని శుభ్రంగా కడిగింది. పైకెళ్ళి, నంబరు కనిపించేలా ఓనరమ్మ గుమ్మం ముందు బోర్లించి, పనికి వెళ్ళిపోయింది.