కౌంటర్ మీద కౌంటర్ చెల్లుతుందన్న సారు

పోయిన వారం ల్యాబ్‌లో రక్తం సీసాలకు పేర్లు అంటిస్తుండగా మంచిర్యాల నుంచి స్టేషనరీ షాపు అన్న ఫోన్ చేశాడు. "సారు పోయిండు చెల్లె" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ తెలిసిన సారు ఒక్కరే. కొంతకాలంగా గుండె జబ్బుతో ఉన్నారు, పొద్దున ఇంట్లోవాళ్ళు లేపితే లేవలేదట. చేతిలో పని ముగించి, సెలవు పెట్టి, పెద్దపల్లి స్టేషన్‌కు వెళ్ళాను.

ఆయన మంచిర్యాలలో ఒక బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యారు. ఊరికి తెలిసింది కబడ్డీ రిఫరీగా. నేను ఆయన దగ్గర చదువుకోలేదు, కబడ్డీ ఆడలేదు. నాకు ఆయన పరిచయమైంది కార్డుల ఆటలో. పేకాట కాదు. ఇందులో ఎవరి కట్ట వాళ్ళదే. కట్టలో వీరులు, రాక్షసులు, మంత్రాలు ఉంటాయి. ఎదుటివాళ్ళు వేసిన మంత్రం పనిచేయకముందే దాన్ని రద్దు చేసే కార్డును మేము కౌంటర్ అంటాం. ఆదివారం మధ్యాహ్నాలు స్టేషనరీ షాపు మీది గదిలో పది పన్నెండు మందిమి ఆడేవాళ్ళం. నేను పెద్దపల్లి నుంచి రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఆడపిల్లను నేనొక్కదాన్నే.

షాపు అన్న చిన్నప్పుడు సారు దగ్గర కబడ్డీ ఆడినవాడు. ఒక ఆదివారం సారు పెన్నుల కోసం వచ్చి, పైన అరుపులు విని మెట్లెక్కారు.

"ఏంది లొల్లి? పేకాటనా?"

"కాదు సార్, కౌంటర్ గురించి" అన్నారు ఎవరో.

"గదేంది?"

ఎవరికి వారు చెప్పబోయారు. ఆయన చెయ్యెత్తి, "ఒక్కలు చెప్పుండ్రి" అన్నారు. ఆ రోజు చీకటి పడేదాకా నిలబడే చూశారు. పై ఆదివారం మేము పిలవకముందే వచ్చారు. మా గొడవలు తెగేవి కావు కాబట్టి, తీర్పు చెప్పే పని ఆయనదైపోయింది.

ఆట నడుస్తున్నంతసేపు కూర్చునేవారు కాదు. టీ తెప్పిస్తే ఆట అయ్యాకే తాగేవారు, అప్పటికది చల్లారిపోయేది. తీర్పు చెప్పగానే ఓడినవాళ్ళ మొహం చూసేవారు. ఎందుకు సార్ అంటే, "గెలిచినోనికి ఎట్ల గెలిచిండో తెల్వకున్నా నడుస్తది. ఓడినోనికి ఎందుకు ఓడిండో తెల్వాలె" అన్నారు.

ఇంగ్లిషు కార్డులు ఆయనకు తొందరగా చదవడం రాలేదు. అర్థం కానిది మళ్ళీ మళ్ళీ అడిగేవారు. రద్దయిన మంత్రానికి ఖర్చుపెట్టిన శక్తి వెనక్కి ఎందుకు రాదు? బల్ల మీదికి వచ్చేసిన రాక్షసుడిని కౌంటర్ ఎందుకు ఆపలేదు? మాలో చిన్నవాళ్ళు విసుక్కున్నా ఆయన నొచ్చుకునేవారు కాదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికిన రోజు మాత్రం సంబరపడ్డారు. "గడప దాటకముందే ఆపాలె. లోపలికొచ్చి కూసున్నంక ఆపుడేంది, ఎల్లగొట్టుడే" అన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మేము ఇప్పటికీ ఆ మాటే చెప్తాం.

మా గదిలో పెట్టుకున్న పోటీ ఫైనల్లో నేనూ, ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే ఒక అబ్బాయీ మిగిలాం. అతను నిప్పు మంత్రం వేశాడు. అది పనిచేస్తే నా పని అయిపోయినట్టే. నేను కౌంటర్ వేశాను. అతను నా కౌంటర్ మీద కౌంటర్ వేశాడు. నా చేతిలో ఇంకో కౌంటర్ ఉంది. దాన్ని అతని కౌంటర్ మీద వేశాను.

"అట్ల చెల్లదు. ఒకసారి నువ్వు ఆపినవ్, ఒకసారి నేను ఆపిన, అయిపాయె" అన్నాడతను. చెల్లుతుందని నేను అన్నాను. సారు చాలాసేపు కార్డులు చూశారు. "ఇద్దరికీ ఒక్కొక్క అవకాశం అయిపోయింది బిడ్డా. చెల్లదు" అన్నారు.

నేను ఓడిపోయాను. తీర్పు తప్పని నాకు తెలుసు. వివరించడానికి నా కార్డు మీద వేలు పెట్టాను. వెనక నుంచి ఎవరో, "ఆడివిల్లలు ఓడిపోతె గిట్లనే ఉంటది" అన్నారు. కొందరు నవ్వారు. కట్ట సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాను. రైలు గోదావరి వంతెన దాటుతుంటే, ఇక వెళ్ళేది లేదని అనుకున్నాను. తరువాత ఆదివారం వెళ్ళలేదు. దాని తరువాతా వెళ్ళలేదు.

ఒక సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి సారు మా ఇంటి ముందర కుర్చీలో ఉన్నారు. పక్కన బాపు నిలబడి ఉన్నాడు. ఏదో జరిగిందని భయపడ్డట్టున్నాడు.

"నీ కౌంటరు చెల్లుతది బిడ్డా" అన్నారు సారు నన్ను చూడగానే. "నేనే తప్పు చెప్పిన. కబడ్డీల విజిల్ ఊదితె కూత అయిపోతది. గిదాంట్ల గట్ల కాదు. ఎవలన్న ఇంకా వేస్తమంటె ఆగాలె. ఎవ్వలు వెయ్యమన్నంకనే మీద నుంచి ఒక్కొక్కటి తియ్యాలె."

మా అవ్వ టీ గ్లాసులతో వచ్చింది. ఆయన ఆమెను ఇంకో రెండు గ్లాసులు అడిగి తెప్పించి, నాలుగూ ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. ఇది వాని నిప్పు, ఇది నీ కౌంటరు, ఇది వానిది, ఇది మళ్ళ నీది. చివరిది ముందు పనిచేస్తుంది. అది మూడోదాన్ని తీసేస్తుంది. మూడోది లేదు కాబట్టి రెండోది నిలుస్తుంది. రెండోది నిలిస్తే నిప్పు ఆరినట్టే.

బాపు అంతా విని, "గీ ముచ్చట చెప్పనీకి మంచిర్యాల నుంచి వచ్చిన్రా సార్?" అన్నాడు.

"తీర్పు తప్పు చెప్పిన కదా" అన్నారు సారు. "ఫోన్ల చెప్తె మీ పిల్ల ఒక్కదానికే చెప్పినట్టయితది. అందరి ముందట చెప్పాలె. అందుకని రమ్మననీకి వచ్చిన."

ఆ ఆదివారం నాతో బాపు కూడా వచ్చాడు. గది నిండాక సారు బల్ల దగ్గర నిలబడి, తీర్పు తనదే తప్పని, అమ్మాయి చెప్పింది నిజమని చెప్పారు. ఆ రోజు నవ్వినవాళ్ళ వంక చూడలేదు, వాళ్ళను ఒక్క మాట అనలేదు. గెలిచానని చూపించుకోవడానికి ఎలక్ట్రికల్ షాపు అబ్బాయి ఫైనల్ రోజే ఆ బల్లను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాడు. అది చూసి కార్డులన్నీ తిరిగి పేర్చాం. అతనూ ఒప్పుకున్నాడు. నా రెండో కౌంటర్ దగ్గర నుంచి ఆట మళ్ళీ మొదలైంది.

నేను మళ్ళీ ఓడిపోయాను. ఈసారి నిజంగానే ఓడిపోయాను, అతను బాగా ఆడాడు. సారు నా మొహం చూశారు. "ఇప్పుడు ఎందుకు ఓడినవో ఎర్కేనా?" అన్నారు. "ఎర్కే సార్. రాక్షసున్ని ముందే ఆపకపోతిని" అన్నాను. తల ఊపి, చల్లారిన టీ అందుకున్నారు. తిరుగు రైల్లో బాపు కిటికీ వైపు చూస్తూ, "మంచి మనిషి" అన్నాడు. ఆ తరువాత ఆదివారాల గురించి ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలేదు.

గుండె జబ్బు బయటపడ్డాక ఆయన మెట్లెక్కడానికి ఆయాసపడేవారు. మేము మాట్లాడుకుని బల్లలను కింద షాపు వెనక వరండాలోకి దించాం. "నా కోసమేనా?" అన్నారు. "కింద గాలి మంచిగొస్తది సార్" అన్నాడు షాపు అన్న. "గాలికి కార్డులు ఎగిరిపోవా?" అన్నారు. చివరి నెలల్లో కుర్చీలో కూర్చునే ఆట చూసేవారు, కానీ కూర్చుని తీర్పు చెప్పడం ఆయనకు నచ్చలేదు. తీర్పు చెప్పేటప్పుడు మాత్రం బల్ల పట్టుకుని లేచేవారు.

ఆయన పోయిన మూడోనాడు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు, కాకి వచ్చి ముడితే పోయినవారు తృప్తిపడ్డట్టు. విస్తరిలో అన్నం, ఆయనకిష్టమైన కూర పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకి ఎంతకీ రాలేదు. ఒకప్పుడు ఆయన దగ్గర కబడ్డీ ఆడినవాళ్ళు, ఇప్పుడు నెరిసిన జుట్టువాళ్ళు, ఒక పక్కన ఉన్నారు. మేము ఇంకో పక్కన. వాళ్ళలో ఒకాయన నా దగ్గరికి వచ్చి, "సారు మీ ఆటల ఏం చేసేటోడు బిడ్డా?" అని అడిగాడు.

చెబితే అర్థం కాదనిపించి సంచిలోంచి కట్ట తీశాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా ఇసుకలో కూర్చున్నాడు. నేను ఒక్కో కార్డు పరిచి చెబుతుంటే గాలి వాటిని కదిలించింది. ఆయన చుట్టూ వెతికి గులకరాళ్ళు ఏరి, ఒక్కో కార్డు మీద ఒక్కో రాయి పెట్టాడు. మిగతా కబడ్డీవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ వంగి చూడసాగారు. అంతలో ఎవరో, "వచ్చింది, వచ్చింది" అని నెమ్మదిగా అన్నారు. అందరం అటు తిరిగాం. కాకి విస్తరి అంచు మీద నిలబడి ఉంది. మా వెనక ఇసుకలో కార్డులు రాళ్ళ కింద కొసలు లేపుతూ, దించుతూ ఉన్నాయి.