మూడో వరుసలో పగిలిన గుడ్లు

ఆమెను అందరూ గుడ్లక్క అంటారు. గుడ్లు అమ్ముతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె చెబుతుంది. బేరమాడబోయి భంగపడ్డవాళ్ళు మాత్రం గుడ్లురిమి చూస్తుంది కాబట్టి వచ్చిందంటారు. పదకొండేళ్ళుగా ఆమెది ఒకటే దినచర్య. తెల్లవారగానే కోళ్ళఫారానికి వెళ్ళడం, పికప్ బండి నిండా ట్రేలు పేర్చుకోవడం, బేకరీలకూ హోటళ్ళకూ వేసి రావడం. బండి ఆమే నడుపుతుంది. భర్త పక్కన కూర్చుంటాడు. ఆగినచోటల్లా దిగి ట్రేలు అందిస్తాడు, మిగతా దారంతా మాట్లాడతాడు.

ఆ ఏడు వానలు వెలిశాక బండికి వణుకు పట్టుకుంది. వేగం అరవై దాటితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు కాళ్ళకింద గజగజలాడేది. ఆగి మళ్ళీ కదిలేటప్పుడూ, రివర్సు వేసినప్పుడూ అడుగున ఎవరో సుత్తితో మోదినట్టు 'ఠంగ్' మనేది. ఒక షెడ్డులో చక్రాలు బ్యాలెన్సు చేశారు. ఇంకో షెడ్డులో టైర్లు మార్చారు. వణుకు మాత్రం తిష్ఠ వేసిన చుట్టంలా కదల్లేదు. పగిలిన గుడ్లతో ఇంట్లో పొద్దున ఆమ్లెట్, మధ్యాహ్నం ఆమ్లెట్.

"ఇంకో వారం ఇలాగే తింటే నేనే గుడ్డు పెట్టేట్టున్నాను," అన్నాడు భర్త.

ఆమె నవ్వింది గానీ, బండి వెనకభాగం కడుగుతున్న చేయి ఆగిపోయింది. "ఏవండీ, రోజూ బండి నడుమనుండే మూడో వరుసలోవే పగులుతున్నాయి. వెనక చక్రాల మీదుండే ట్రేల్లో ఒక్కటీ పగల్లేదు."

"అయితే?"

"తప్పు చక్రాలదే అయితే, చక్రాల మీదున్నవి కదా ముందు పగలాలి?"

భర్త ఈసారి వాదించకుండా వంగి బండి కిందికి చూశాడు. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి.

మర్నాడు సరుకంతా దించేసి, రైల్వే గేటు పక్కనున్న షెడ్డుకు వెళ్ళారు. అక్కడి మెకానిక్‌కు బట్టతల, జేబులో రెండు జతల కళ్ళద్దాలు. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. రెంటినీ పెట్టుకోడు. విషయమంతా విని, "ఇది గేర్‌బాక్సే చెల్లెమ్మా. దించాల్సిందే," అన్నాడు.

"దించుదురుగాని అన్నయ్యా. ముందు మీరు కాస్త నడపండి. నేను వెనక కూర్చుంటాను."

ఖాళీ రోడ్డు మీద మెకానిక్ బండిని అరవైకి తీసుకెళ్ళాడు. ఆమె వెనక రేకు మీద చతికిలబడి, అరచేయి ఆనించి, కొద్దికొద్దిగా ముందుకు జరిగింది. చక్రాల దగ్గర చేతికి చక్కిలిగింత పెట్టినట్టుందంతే. నడిమికి వచ్చేసరికి మోచేతిదాకా జివ్వుమంది. అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టింది. ముందు సీట్లో మెకానిక్ గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి చూశాడు. ఇంజను నెమ్మదించింది, వణుకు నెమ్మదించలేదు.

"ఇంజనుది కాదు. నువ్వు సున్నా చుట్టినచోట గేర్‌బాక్సూ ఉండదు," అని దిగాక ఒప్పుకున్నాడు.

షెడ్డులో చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి కిందికి దూరాడు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు, రెండు ముక్కలుగా ఉంది. దాన్ని నడుమ మోసే బేరింగు సరిగ్గా సుద్ద సున్నా కిందే ఉంది. బేరింగు చుట్టూ ఉన్న రబ్బరు సగానికి చిరిగిపోయింది. దాని పక్కనే రెండు ముక్కల్నీ కలిపే క్రాసు చుట్టూ ఇటుకపొడిలా తుప్పు. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాసు వదులుగా 'టక్ టక్' మంది.

"నువ్వూ వచ్చి చూడు చెల్లెమ్మా."

ఆమె దూరి, తన చేత్తోనే తిప్పి చూసింది. రోజూ వినే 'ఠంగ్' ఇదే, కాకపోతే చిన్నగొంతుతో. "దొంగ దొరికాడు," అంది.

కొత్త క్రాసు, కొత్త బేరింగు పడ్డాయి. మోత పోయింది. వణుకు మాత్రం చాలావరకు తగ్గినా, సన్నగా మిగిలే ఉంది. మెకానిక్ బట్టతల గోక్కున్నాడు.

"అన్నయ్యా, షాఫ్టు ముక్కల మీద చెరో గీత కనిపించింది. అవి ఎదురెదురుగా లేవు. ఉండక్కర్లేదా?"

మెకానిక్ జేబులోంచి దగ్గరి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని మళ్ళీ కిందికి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచే మాట వినబడింది. "ఉండాలమ్మా, లేకపోతే షాఫ్టు తిన్నగా తిరగదు. ఇదివరకు విప్పినవాడెవడో చూడకుండా బిగించాడు. నేనూ వాడి దారే పట్టాను." ఈసారి గీతకు గీత కలిపి బిగించాడు.

మరుసటి పొద్దున నిండు బండితో అరవై దాటింది, డెబ్బై అందుకుంది. కాళ్ళకింద నేల నేలలాగే ఉంది. భర్త ఇన్నాళ్ళ బండి మోతకు పడిన అలవాటు కొద్దీ గొంతు చించుకుని ఏదో చెబుతున్నాడు.

"ఎందుకండీ ఆ అరుపులు? పక్కనే ఉన్నానుగా."

ఆయన తడబడి గొంతు తగ్గించాడు. "అంతమంది చూశారు కదా. మూడో వరుస సంగతి నీకే ఎలా తట్టింది?"

"రోజూ కడిగేది నేనేగా."

"సరే, రేపట్నుంచి నేను కడుగుతాను," అన్నాడు ఆయన.

"ఇప్పుడింక కడగడానికి ఏముందని," అంటూ ఆమె నవ్వి, బేకరీ సందులోకి బండి తిప్పింది.