మా మేడం పేరుతో అమ్మిన సముద్రపు పొడి

మాకు జువాలజీ చెప్పిన మేడం గారు పోయిన ఆదివారం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆ కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. దాని కిందే ఒకడు ఆవిడ ఫొటోకి దండ వేసి, పక్కన తను అమ్మే మందు పొడి డబ్బా బొమ్మ పెట్టి, ‘మా గురువు గారి ఆశీస్సులతో’ అని రాశాడు. అందుకే ఆవిడను తలుచుకుంటూ వాడి గురించి కూడా రాయక తప్పడం లేదు.

అంతర్వేది రేవులో జాలర్లు వలల్లోంచి ఏరి పారేసే స్పాంజిలనే సముద్రపు జీవులను మేడం బకెట్లో తెచ్చి మా ముందు పెట్టేవారు. “ఇది పారిపోలేదు, కరవలేదు, పైన చిప్ప కూడా లేదు. మరి చేపలు దీన్నెందుకు తినెయ్యలేదు?” అని అడిగేవారు. జవాబూ తనే చెప్పేవారు. “విషం తయారు చేసుకుంటుందర్రా. ఆ విషంలోనే మందు వెతుకుతున్నారు. ఎక్కడో ఒకటి పనికొస్తుంది. మిగతావన్నీ బుట్టదాఖలే.” జవాబు పేపర్లో ‘అద్భుతం’ అన్న మాట కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు.

పొడి అమ్మేవాడు మా బ్యాచ్ వాడే. స్పాంజి మొక్కో జంతువో చెప్పలేక పరీక్ష తప్పినవాడు. తన పొడి డబ్బాను ఆవిడ చేతుల మీదుగా విడుదల చెయ్యమని అడగడానికి వాడు మేడం ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఇందులో ఏముందయ్యా?”

“సముద్రపు స్పాంజి శక్తండి. క్యాన్సరు, షుగరు, కీళ్లనొప్పులు, అన్నిటికీ పనిచేస్తుందండి.”

“శక్తంటే ఏ పదార్థం?”

“అదంతా లోపల ఉంటుందండి.”

మేడం మూత తీసి వాసన చూశారు. “గుల్ల సున్నంలా ఉంది. అప్పుడు సున్నా వేసేను. మళ్లీ వేయించుకోడానికి వచ్చేవా?”

వాడు నవ్వుతూనే వెళ్లాడు. సిగ్గులేనితనం కూడా ఒక పెట్టుబడే అని ఆ రోజు నాకు అర్థమైంది.

తర్వాత మేడానికి ఎప్పుడో తగ్గిపోయిన రొమ్ము క్యాన్సరు తిరగబెట్టింది. కాకినాడలో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు మామిడికుదురు నుంచి ఒకావిడ అమలాపురంలో నా మందుల షాపుకి వచ్చింది. ఆవిడదీ అదే జబ్బు. “మేడం గారు కూడా ఆ పొడే వాడుతున్నారంటండి. నేను ఆస్పత్రి మానేద్దామనుకుంటున్నానండి” అంది. ఆవిడను తిన్నగా మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆ సాయంత్రమే వాడు మామిడికుదురు కల్యాణ మండపంలో మీటింగు పెట్టాడని తెలిసి, మేడం ఆటో పిలవమన్నారు.

“మీకు ఓపిక లేదండి.”

“కోపం ఉంది కదయ్యా. చాలు.”

మండపంలో వాడు మైకు పట్టుకుని “దీనికి మా గురువు గారే సాక్ష్యమండి” అంటుండగా మేడం నా భుజం పట్టుకుని లేచారు. తలకు కట్టుకున్న స్కార్ఫు తీసేశారు.

“చూడండి. ఈ జుట్టు రాల్చింది ఆస్పత్రి మందు. దాని పుట్టుక స్పాంజిలోనే. అందులో దొరికిన పదార్థాన్ని చూసి, తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి ల్యాబులో తయారు చేసేరు. నా వేళ్లు మొద్దుబారిపోయేయి. గడ్డ కొంత తగ్గింది. మళ్లీ పెరగొచ్చని డాక్టరు గారు చెప్పేరు. ఆ మందు నాకు కొన్ని నెలలు ఇస్తుందేమో. అంతకు మించి ఇస్తానని ఆ మందు తయారు చేసినవాళ్లే అనలేదు. ఇతను అంటున్నాడు.”

“మేడం గారికి ఒంట్లో బాగోలేదండి, ఏదో అంటున్నారు” అన్నాడు వాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. చాలామంది కూర్చుని డబ్బాలు కొనుక్కున్నారు. వాళ్ల మీద నాకు జాలి ఉంది, గౌరవం లేదు.

మొన్న మేడం కోసం చర్చిలో జరిగిన ఆదరణ కూడికకు, అదే సంతాప సభకు, అందరికంటే పెద్ద పూలదండ తెచ్చింది వాడే. ఇస్త్రీ చొక్కా, తడి లేని కళ్లు. మైకు అందుకుని, “చివరిదాకా మేడం గారు నన్ను ఆశీర్వదించేరండి” అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మేడం భర్తగారు ముందు వరసలోంచి లేచారు. “లేదు బాబూ. ఆవిడ నిన్ను ఆశీర్వదించలేదు. కూర్చో” అన్నారు. వాడు కూర్చోకుండా బయటికి నడిచాడు. తర్వాత కీర్తన మొదలైంది.

మామిడికుదురు ఆవిడ వెనక బల్ల మీంచి లేచి నా దగ్గరికి వచ్చింది. “ఇవాళ నాకు ఇంజెక్షనండి. బస్సు దాటిపోద్దండి” అంది మెల్లగా. “ఆయ్, వెళ్లిరండమ్మా” అన్నాను.

చర్చి మెట్ల మీంచి చూస్తే కాకినాడ బస్సు కదులుతోంది. కిటికీ పక్కన ఆవిడ ఆస్పత్రి సంచి ఒళ్లో పెట్టుకుని, ఎండ మొహాన పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.