మాత్ర మానేసిన రోజులు

బీమా డబ్బు ఆగిపోయిందని ఓబులేష్‌కు చెప్పింది అతని భార్య రంజితే. గార్మెంట్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, మెడలో ఐడీ కార్డు తీసి మేకుకు తగిలిస్తూ, గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ఇంగ రాదంట. ఇయ్యాల్సినన్నాళ్లు ఇచ్చేసినామన్నారు ఆఫీసులో. నువ్వు పనికి పోవచ్చునని డాక్టర్లు గూడా రాసిచ్చిండారు కదా."

"పోతాలే," అన్నాడు ఓబులేష్. అతను పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాడు. చేతిలో కర్ర ఆగలేదు.

బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో, ఒకే వరుసలో ఎనిమిది గదులున్న వఠారంలో వాళ్లది చివరి గది. మడకశిర పక్క పల్లె నుంచి ఇరవయ్యో ఏట వచ్చిన ఓబులేష్ బొమ్మసంద్రలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ మీద పనిచేసేవాడు. ఇనుప రేకును అచ్చు కింద పెట్టి కాలితో పెడల్ తొక్కితే పైనుంచి బండ అచ్చు దిగి రేకును కోస్తుంది. చెయ్యి లోపలికి, చెయ్యి బయటికి, కాలు కిందికి. అతనంత వేగంగా కోసేవాడు ఆ షిఫ్టులో మరొకడు లేడు.

ఆ దెబ్బల చప్పుడులో ఒకనాడు ఎవరో తన పేరు పిలిచినట్టు వినిపించింది. తర్వాత పిలుపు తిట్టయింది. టీలో ఏదో కలుపుతున్నారని తోటివాళ్లతో గొడవ పడ్డాడు. ఒకరోజు షిఫ్టు మధ్యలో బయటికి నడిచి వెళ్లిపోతే, అత్తిబెలె బస్టాండులో చెప్పుల్లేకుండా కూర్చుని ఉండగా పోలీసులు పట్టుకొచ్చారు. రంజితే అతన్ని సర్కారు మానసిక ఆసుపత్రికి తీసుకుపోయింది. జీతంలో కోసుకున్న బీమా ఉండబట్టి నెలనెలా ఎంతో కొంత వస్తూ వచ్చింది. మాత్రలతో గొంతులు తగ్గాయి. ఈలోగా ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు మారాడు, కొత్త కాంట్రాక్టరుకు ఓబులేష్ ఎవరో తెలియదు.

ఇంట్లో ఉన్న ఆ కాలమంతా అతను ఖాళీగా లేడు. కూతురు సహనకు జడలు వేశాడు, బడికి తీసుకుపోయాడు, సంగటి, చారు, పుల్లగూర చేయడం నేర్చుకున్నాడు. రంజిత ఓవర్‌టైం చేసి ఇంటికొచ్చేసరికి వేడి అన్నం ఉండేది. కానీ వఠారంలో మగవాళ్లు పొద్దున్నే షిఫ్టులకు పోతుంటే, వాళ్లంతా పోయేదాకా అతను తలుపు దగ్గరికి వేసుకునే కూర్చునేవాడు.

ఇప్పుడు తలుపు తీయక తప్పలేదు.

పెద్ద ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఇన్నేళ్లు ఏంచేశావని అడిగారు. నిజం చెప్పినచోట వాచ్‌మన్ చేత బయటికి పంపించేశారు. చివరికి చందాపుర దారిలో ఒక రేకుల షెడ్డులో సూపర్‌వైజర్ జయరామప్ప అతని చేతులు చూశాడు. ఆయన ఆనేకల్ వైపు తరాలుగా ఉంటున్న తెలుగువాడు.

"ఇన్నేండ్లు యాడుంటివప్పా?"

"ఊర్లో సేద్యం చూసుకుంటా ఉంటిన్నా."

అబద్ధం సులువుగా వచ్చినందుకు ఓబులేష్‌కే ఆశ్చర్యమైంది. ప్రెస్ మీద పని దొరికింది.

మొదటిరోజే అతనికి తెలిసిపోయింది. సాయంత్రం వేసుకున్న మాత్ర మర్నాడు మధ్యాహ్నం దాకా ఒంట్లో ఉండేది. ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు ఆ మందకొడితనం లెక్కలోకి రాలేదు. ప్రెస్ ముందు వచ్చింది. చెయ్యి బయటికి రాకముందే కాలు పెడల్ మీద పడేది. మూడోరోజు అచ్చు దిగి లేచాక చూసుకుంటే, గ్లవ్ చూపుడువేలు కొస తెగి రేకుల మధ్య పడి ఉంది. వేలు మాత్రం దక్కింది. ఎవరూ చూడకముందే గ్లవ్ తీసి జేబులో కుక్కుకున్నాడు.

డాక్టరును అడగొచ్చు. కానీ ఆసుపత్రికి పోతే రోజంతా క్యూలోనే పోతుంది. కొత్తగా చేరినవాడు సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే పని పోతుంది. ఎటు తిప్పినా ఆలోచన అక్కడికే వచ్చి ఆగేది.

ఆ సాయంత్రం రంజిత ఇచ్చిన మాత్రను నాలుక కింద పెట్టుకుని, బయటికి పోయి ఊసేశాడు.

నాలుగైదు రోజులు అలాగే చేసేసరికి చేతులు తేలికయ్యాయి. వారం తిరిగేసరికి పాత ఓబులేష్ తిరిగొచ్చాడు. రేకు, అచ్చు, పెడల్ అన్నీ అతని మాట వింటున్నట్టుండేది. "సేద్యగాడివి గాదప్పా నువ్వు, ప్రెస్సోనివే!" అన్నాడు జయరామప్ప భుజం తట్టి. ఆ మాట ఇంటిదాకా ఒంట్లో వెచ్చగా ఉండింది. సహనకు జిలేబీ కొన్నాడు. రంజిత అతని మొహం చూసి చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

తర్వాత నిద్ర తగ్గింది. టీ గ్లాసు రెండుసార్లు వాసన చూసి తాగడం మొదలుపెట్టాడు. తను చేస్తున్నదేమిటో అతనికి తెలుసు. తెలిసి కూడా, ఈ నెల గడిస్తే చాలు, ఆ తర్వాత మాత్ర వేసుకుంటానని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఒక బుధవారం, భోజనానికి ముందు, ప్రెస్ దెబ్బలో తన పేరు వినిపించింది.

వినిపించలేదనుకున్నాడు. ఇంకో రేకు పెట్టాడు. మళ్లీ వినిపించింది. ఈసారి పేరుతో ఆగలేదు. చెయ్యి తియ్యొద్దంది. అక్కడే ఉంచమంది. పక్కింటివాడు ఉప్పు అడిగినంత మామూలుగా ఉంది ఆ గొంతు. కాలు పెడల్ మీద ఉంది. చెయ్యి అచ్చు కింద ఉంది. తన చేతిని తనే, పరాయివాడి చెయ్యి చూసినట్టు చూశాడు.

ముందు కాలు తీశాడు. ఆ తర్వాత చెయ్యి లాక్కున్నాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని జయరామప్ప దగ్గరికి నడిచాడు.

"అన్నా, మిషను ఆపెయ్. నాతో కాదు. నేను నీతో అబద్ధం చెప్తిని. సేద్యం గీద్యం ఏమీ లేదు. నాకు తలలో గొంతులు వినపడే జబ్బు ఉండాది. పని కోసం మాత్ర మానేస్తిని."

జయరామప్పకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది.

"నీ చెయ్యి పోయుంటే ఎవడప్పా జవాబు చెప్పేది? నన్ను గదా తీసకపోయి లోపలేసేది! నాకూ పిల్లోళ్లు ఉండారు!" అరిచాడు. షెడ్డులో అన్ని మిషన్లూ ఆగాయి. అందరూ చూస్తున్నారు. అరిచి అరిచి ఆయనే అలసిపోయి, స్టూలు లాగి ఓబులేష్‌ను కూర్చోబెట్టాడు. ఫోన్ అడిగి తీసుకుని రంజితకు తనే చేశాడు. ఆమె వచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. పోయేటప్పుడు మాత్రం, "మళ్లా రావద్దప్పా. తప్పుగా అనుకోవద్దు," అన్నాడు.

రంజిత గేటు బయట ఆటో ఆపింది. ఆటో ఎక్కాక అంది.

"నాకు చెప్పకపోతివే. నవ్వుకుంటా జిలేబీ తింటిమే అందరమూ. నీ చెయ్యి మిషన్లో పడి ఉంటే, నేను ఆ జిలేబీ ఎట్ల మర్చిపోతా ఉంటి?"

"చెప్పుంటే ఏం చేస్తుంటివి?"

ఆమె ఏడ్చింది. కోపంతో ఏడ్చింది, అతని మోకాలి మీద పిడికిలితో గుద్దుతూ ఏడ్చింది. ఆటో డ్రైవరు అద్దాన్ని పైకి తిప్పేసుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోప్పడలేదు. అది ఓబులేష్‌కు ఇంకా బాధనిపించింది. మాత్ర మార్చింది, మగతగా ఉంటే చెప్పమంది, ప్రెస్ లాంటి మిషన్ల దగ్గరికి మాత్రం పోవద్దంది. "వేరే పని చూసుకోండి," అంది. ఆ మాట అనడం తేలికే.

ఆ తర్వాతి నెలలు చాలా చెడ్డగా గడిచాయి. గొంతులు ఒక్కసారిగా పోలేదు, దూరంగా పోయే బండి హారన్‌లా తగ్గుతూ తగ్గుతూ పోయాయి. రంజిత ఆదివారాలు కూడా పనికి పోయింది. మెడ నొప్పికి గుడ్డ చుట్టుకుని కుట్టింది. ఒకరోజు విసుగులో, "ఒక బిడ్డను సాకడం గాదు, ఇద్దర్ని సాకతా ఉండా," అనేసింది. సహన కంచంలోంచి తలెత్తి ఇద్దరినీ చూసింది. ఓబులేష్ ఆ రోజు అన్నం తినలేకపోయాడు. తను లేకపోతే వీళ్లకు తేలికేమోనన్న ఆలోచన వచ్చింది. అది గొంతు కాదు, తన సొంత ఆలోచనే. అందుకే ఎక్కువ భయపడ్డాడు. మర్నాడు రంజితకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పనికి పోలేదు. రోజంతా అతని పక్కనే చాప మీద పడుకుంది.

పనికోసం వెళ్లిన ప్రతిచోటా ఇక నిజమే చెప్పాడు. ఒక గోడౌన్‌లో చూద్దామన్నారు, ఫోన్ చేయలేదు. ఒక హోటల్లో నవ్వారు. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఐటీ పిల్లలుండే పీజీ హాస్టల్ నడిపే వెంకటేశ్వర్లు నవ్వలేదు. నెల్లూరు మనిషి. ఓబులేష్‌ను కూర్చోమని అడిగాడు.

"ఎవరి మీదన్నా చెయ్యి చేసుకున్నావా ఎప్పుడన్నా?"

"లేదు సార్. నా చెయ్యే నేను పోగొట్టుకోబోయినా."

"వంట వచ్చా?"

"ఇంట్లో నేనే చేస్తా సార్."

"ముందు బియ్యం కడుగు, గిన్నెలు తోము. పొయ్యి దగ్గరికి తర్వాత చూద్దాం. బాగాలేని రోజు నాకు చెప్పాలి. దాచిపెట్టావంటే ఆ రోజే పంపించేస్తాను."

ఓబులేష్ ఒప్పుకున్నాడు. ప్రెస్ మీద వచ్చినదానిలో సగం కూడా రాదు. రంజిత ఆదివారాల పని మానలేదు, అద్దె ఇంకా ఆలస్యంగానే కడుతున్నారు. ఇప్పటికి రెండుసార్లు అతను వెంకటేశ్వర్లుతో, "ఈ రోజు బాగాలేదు సార్," అని చెప్పాడు. మొదటిసారి ఆయన ఇంటికి పంపించాడు. రెండోసారి మొహం చిట్లించి, ఉల్లిపాయల బస్తా పక్కన కూర్చోమన్నాడు. మూడోసారి ఏమంటాడో ఓబులేష్‌కు తెలియదు. రోజూ పొద్దున బస్సు దిగి ఆ వెనక గేటు తోసేటప్పుడు అతనికి ఆ భయమే. లోపల పెద్ద గంగాళంలో నానబెట్టిన బియ్యం ఉంటుంది. చేతులు మోచేతుల దాకా ముంచి కడగడం మొదలుపెడతాడు.