దారిలో వచ్చే ఫోన్లు

2023, యాసంగి వరికోతల రోజులు. నేను కరీంనగర్‌లో ప్రైవేటు అంబులెన్సు నడుపుతాను. గల్ఫ్‌లో చనిపోయినవారి శవపెట్టెలను శంషాబాద్ కార్గో నుంచి ఊళ్లకు చేర్చడమే ఎక్కువగా నా పని. కార్గో అంటే విమానంలో వచ్చిన సామాను అప్పగించే చోటు. చనిపోయిన మనిషినీ అక్కడే అప్పగిస్తారు.

ఆ రోజు పెట్టెలో ఉన్నది గంగాధర్, మస్కట్‌లో మేస్త్రీ. నా పక్క సీట్లో అతని తమ్ముడు శ్రీకాంత్. పొద్దుగూకేలోపు దహనం కావాలని ఊరంతా వాకిట్లో కూర్చుని ఉంది. బండి ఎక్కడిదాకా వచ్చిందని ఒకటే ఫోన్లు. బండి నడిపేటప్పుడు నా ఫోన్ ఆపేస్తాను కనుక అన్నీ శ్రీకాంత్‌కే: మేనమామ, సర్పంచ్, మస్కట్ స్నేహితులు. అంతకుముందు ఏడాదే నా భార్య ఆస్పత్రిలో పోయింది. శవం కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. అయినా రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టమన్నాను.

వేములవాడ దాటాక వాళ్ల తల్లి వీడియో కాల్ చేసింది.

“పెట్టె సూపియ్యి బిడ్డా.”

“యెనక ఉన్నదే అవ్వా, కనవడదు.”

“గట్లయితె డ్రైవర్‌ను సూపియ్యి. జర జల్ది రమ్మను.”

శ్రీకాంత్ ఫోన్‌ను నా ముఖం ముందుకు చాచాడు. “ఒక్క మాట చెప్పరాదే అన్నా. అవ్వ నమ్ముతలేదు.”

“తియ్యి తమ్మీ! తొవ్వ కనవడతలేదు.”

అతని చెయ్యి పక్కకు నెట్టేసరికి ఎదురుగా సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ రాళ్లు, వంగి వడ్లు తిరగేస్తున్న ఆడమనిషి. బ్రేకు తొక్కాను. వెనుక బెల్టులు సాగి, పెట్టె వచ్చి క్యాబిన్‌కు కొట్టుకుంది. ఫోన్ కిందపడి ఆరిపోయింది. బండి ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

“కండ్లు నెత్తికెక్కినయార? నా పానం తీస్తుంటివి!” అంటూ ఆమె తలుపు దాకా వచ్చింది. శ్రీకాంత్ ముఖం, వెనుక పెట్టె చూసి గొంతు తగ్గించింది. “ఏ ఊరు బిడ్డా?” అని అడిగి, రాళ్లు ఒక్కొక్కటే తీసి మాకు దారి ఇచ్చింది.

ఫోన్ మళ్లీ వెలగలేదు. నాది ఇస్తే శ్రీకాంత్‌కు ఇంటి నంబరు గుర్తురాలేదు.

ఊళ్లో బండి ఆగగానే ఆ తల్లి పెట్టె దగ్గరికి పోలేదు. ముందు శ్రీకాంత్ తల, భుజాలు, చేతులు తడిమి చూసింది.

“అంత సప్పుడైంది. ఫోన్ బందైంది. ఇద్దరు కొడుకులకు ఏడ్సిన బిడ్డా,” అంది.

తర్వాతే పెట్టె వైపు తిరిగింది.

ఇప్పుడు కార్గో దగ్గరే బంధువులతో ఇంటికి ఒక ఫోన్ చేయిస్తాను. బయలుదేరామని, ఊరు వచ్చేదాకా ఎవరూ చేయవద్దని చెప్పించి, వాళ్ల ఫోన్లు తీసుకుని బండి అరలో పెడతాను. కొందరికి కోపం వస్తుంది. “మా దుఃఖం నీకేమెరుక?” అంటారు. పెట్టెతోపాటు మిమ్మల్నీ ఇంటికి చేర్చాలి కదా అని చెప్పి బండి తీస్తాను.